రక్తం తగ్గిన ఎలుకకు ఆకలెందుకు తగ్గుతుంది?

ప్రయోగశాలలో ఒక ఎలుక రోజుకు ఎంత తిన్నదో చెప్పడం అనుకున్నంత సులువు కాదు. గిన్నెలో వేసిన మేత తూచాలి, మర్నాడు మిగిలినది తూచాలి, బోను అడుగున చిమ్మిన పొడిని ఏరి అదీ తూచాలి. ఇలా దశాబ్దాలుగా తూచిన లెక్కల్లో పదేపదే తేలిన సంగతి ఒకటుంది. ఇనుము లేని మేత మీద పెరిగే ఎలుకపిల్ల కొన్ని వారాల్లో పాలిపోతుంది, ఎదుగుదల మందగిస్తుంది, పక్క బోనులోని తోటి ఎలుకల కన్నా తక్కువ తింటుంది.

మన ఇళ్లలో ఇది కొత్త మాట కాదు. రక్తం తక్కువగా ఉన్న పిల్లకు అన్నం సయించడం లేదని తల్లులు డాక్టరుతో చెబుతూనే ఉంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండి తగ్గి రక్తం తగ్గిందా, రక్తం తగ్గి తిండి తగ్గిందా అన్నది మనుషుల్లో తేల్చడం కష్టం. ఎలుకల్లోనైనా తేలుతుందని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. ఆ ఆశ కొంతవరకే తీరింది. ఎందుకంటే రక్తహీనత ఒకే జబ్బు కాదు. రక్తం తీసి తెప్పించినది వేరు, ఇనుము ఆపి తెప్పించినది వేరు, మూత్రపిండాలు చెడగొట్టి తెప్పించినది వేరు. హిమోగ్లోబిన్ అంకె మూడింటిలో ఒకటే ఉండొచ్చు, ఆకలి మాత్రం ఒకలా ఉండదు. ఈ తేడాను పట్టించుకోకుండా చదివితే ఈ పరిశోధనలన్నీ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నట్టే కనిపిస్తాయి.

ముందు రక్తం తీసే పద్ధతి. 1920లలో అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ విపుల్, ఫ్రీడా రాబ్‌షైట్-రాబిన్స్ కుక్కల నుంచి విడతలవారీగా రక్తం తీసి, హిమోగ్లోబిన్‌ను మామూలు స్థాయిలో సగానికి బాగా తక్కువలో నిలబెట్టేవారు. సాల్మన్ చేప కలిపి కాల్చిన ఒక రకం రొట్టె వాటి రోజువారీ తిండి. దానికి తోడుగా ఒకసారి మాంసం, ఒకసారి కూరగాయలు, ఒకసారి పండ్లు, ఒకసారి కాలేయం పెట్టి, ఏది ఎంత హిమోగ్లోబిన్‌ను తిరిగి తెచ్చిందో కొలిచేవారు. అన్నిటికన్నా కాలేయం ముందు నిలిచింది. ఆ ఫలితాన్ని చూసి బోస్టన్‌లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ అప్పటికి మందు లేని పెర్నీషియస్ అనీమియా రోగులకు కాలేయం తినిపించారు. 1926లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి, 1934లో ముగ్గురికీ నోబెల్ బహుమతి దక్కింది. కుక్కలకు పనికొచ్చింది ముఖ్యంగా కాలేయంలోని ఇనుమనీ, రోగులను బతికించింది అందులోని విటమిన్ బి12 అనీ తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది.

కాలేయం కథ అందరూ చెప్పేదే. ఆ కుక్కలు ఆకలి గురించి చెప్పిన సాక్ష్యాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఏళ్ల తరబడి పలుచటి రక్తంతో ఉన్నా అవి పెట్టినది తింటూ వచ్చాయి. తినని కుక్క మీద ఏ ఆహారం విలువా కొలవలేరు కదా. హిమోగ్లోబిన్ తగ్గినంత మాత్రాన ఆకలి చచ్చిపోదని ఆ లెక్కల పుస్తకాలే చెబుతున్నాయి.

రక్తం తీసిన ఎలుకల్లో ఆకలి తగ్గడం కన్నా వింతైనది ఒకటి కనిపించింది. 1970లో స్టీఫెన్ వుడ్స్, రిచర్డ్ వైసింగర్ తెల్ల ఎలుకల నుంచి రక్తం తీసి, వాటి ముందు నీళ్లూ మంచుగడ్డలూ రెండూ ఉంచారు. రక్తం తగ్గిన ఎలుకలు మంచు వైపు మొగ్గాయి. రక్తం కోలుకున్నాక ఆ మోజు తగ్గింది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి నమిలే అలవాటు రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో డాక్టర్లకు బాగా తెలిసినదే. దాన్ని మానసిక చాపల్యమనో, ఎవరినో చూసి నేర్చుకున్న అలవాటనో కొట్టిపారేసేవారికి ఈ ఎలుకలు మంచి జవాబు. ఎలుక ఎవరినీ చూసి నేర్చుకోలేదు.

ఇనుము లోపం దగ్గరికి వస్తే కథ మారుతుంది. 1920ల తొలి సగంలో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో పందిపిల్లల మరణాల వెనక ఇనుము లోపం ఉందని తేలింది. పందిపిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వేగంగా పెరిగే దానికి రోజుకు 7 మిల్లీగ్రాములు కావాలి, తల్లిపాలలో వచ్చేది ఒక్క మిల్లీగ్రామే. మట్టిలో తిరిగే పందిపిల్ల మట్టి నాకి ఆ లోటు పూడ్చుకుంటుంది. సిమెంటు గచ్చు మీద పుట్టినది రెండో వారానికే పాలిపోయి, నీరసించి, ఎగశ్వాస తీస్తుంది. ఇప్పుడు పందుల పెంపకంలో పుట్టిన మొదటి రోజుల్లోనే 200 మిల్లీగ్రాముల ఇనుము సూదిమందుగా వేయడం మామూలైపోయింది.

ఎలుకల్లో అదే పని చేయడానికి విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు పాలనే వాడారు. పాలలో ఇనుము అతి తక్కువ. కేవలం పాల మీద పెంచిన ఎలుకలకు రక్తహీనత వచ్చింది. ఇనుము ఒక్కటే ఇస్తే అది పూర్తిగా నయం కాలేదు. కొద్దిగా రాగి కూడా కలిపినప్పుడే హిమోగ్లోబిన్ పెరిగిందని హార్ట్, స్టీన్‌బాక్, వాడెల్, ఎల్వెహెమ్ 1928లో చూపారు. ఒక లోపం అనుకున్నది రెండు లోపాలైంది.

ఇలాంటి బోల్తా మన దేశంలోనూ జరిగింది, దాని ముగింపు హైదరాబాద్ దాకా వస్తుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల పేద కుటుంబాల గర్భిణులకు వచ్చే తీవ్ర రక్తహీనత మీద పరిశోధన మొదలుపెట్టారు. మరుసటి ఏడాది పనిని నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ సంస్థకు మార్చారు. అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ పోషకాహార పరిశోధన నడిపిస్తున్నారు. ఆ స్త్రీలు తినే తిండినే విల్స్ ఎలుకలకు పెట్టారు. గర్భంతో ఉన్న ఎలుకలు పాలిపోయి, ఈనకముందే చనిపోయాయి. ఈస్టు కలిపితే బాగుపడ్డాయి. తిండి లోపమే జబ్బని ఖాయం చేసుకునే సమయానికి అసలు దోషి బయటపడింది. అది పేను. ఆ ఎలుకల ఒంటి మీది పేలు బార్టొనెల్లా అనే సూక్ష్మజీవిని మోసుకొచ్చి రక్తకణాలను నాశనం చేస్తున్నాయి. విల్స్ ఎలుకలను వదిలి కోతులను తీసుకున్నారు. ఈస్టు సారమైన మార్మైట్ కోతులనూ, తర్వాత గర్భిణులనూ కోలుకునేలా చేసింది. అందులోని ఆ తెలియని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతిని 1945లో ప్రకటించింది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు తరలి, తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది.

విల్స్ పేల కథ ఈ చర్చకు బయటిది కాదు. రక్తహీనత ఉన్న జంతువు తక్కువ తిన్నదని రాసే ప్రతి వ్యాసం మీదా అడగాల్సిన ప్రశ్న అందులో ఉంది. ఆ జంతువులో రక్తహీనతతో పాటు ఇంకేం నడుస్తోంది?

ఈ ప్రశ్నకు భయపడే నేటి పరిశోధకులు చాలా జాగ్రత్తలు తీసుకుంటారు. ప్రయోగశాల ఎలుకల ప్రామాణిక శుద్ధ మేతలో కిలోకు 35 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. లోపం తెప్పించే మేతలో దాన్ని పది మిల్లీగ్రాముల లోపుకు, తరచుగా మూడు నాలుగుకు దించుతారు. జింకు పూత బోనులు పనికిరావు, ఎలుక ఊచలు నాకి ఖనిజాలు సంపాదించుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలో ప్లాస్టిక్కో కావాలి. నీళ్లు ఖనిజాలు తీసేసినవి కావాలి. ఎలుక తన పెంటికలు తానే తింటుంది కాబట్టి బోను అడుగున జాలీ వేస్తారు. పుట్టిన 21వ రోజున పాలు మాన్పించి ఈ మేత మొదలుపెడితే నాలుగైదు వారాల్లో హిమోగ్లోబిన్ మామూలు స్థాయిలో సగానికి పడిపోతుంది. పోలికకు జింకు లోపం చూడండి. అది తెప్పిస్తే ఎలుక కొద్ది రోజులకే తిండి తగ్గిస్తుంది. ఇనుము లోపం అంత తొందరపడదు, నిల్వలు ఖాళీ అయ్యాకే ఆకలి మీద చేయి వేస్తుంది.

ఆకలి తగ్గాక అసలు గొడవ మొదలవుతుంది. తక్కువ తిన్న ఏ జంతువైనా బరువు పెరగదు, దాని థైరాయిడ్ హార్మోన్లు తగ్గుతాయి, కొవ్వు కరుగుతుంది. ఇవన్నీ రక్తహీనత ఖాతాలో రాస్తే తప్పవుతుంది. అందుకని ‘పెయిర్ ఫీడింగ్’ అనే పద్ధతి వచ్చింది. రక్తహీనత ఎలుక నిన్న ఎంత తిన్నదో ఇవాళ ఆరోగ్యంగా ఉన్న జత ఎలుకకు సరిగ్గా అంతే వేస్తారు. రెండూ సమానంగా తిన్నాక మిగిలిన తేడా రక్తహీనతది. జ్యూరిక్‌లో సోంజా హెస్, మైకేల్ జిమ్మర్‌మాన్ బృందం 2002లో అచ్చువేసిన అధ్యయనం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. 84 ఎలుకపిల్లలను ఏడు గుంపులు చేశారు. మూడు గుంపులకు కిలోకు 3, 7, 11 మిల్లీగ్రాముల ఇనుమున్న మేత వేశారు. ప్రతి గుంపుకూ దానంతే తినే ఒక జత గుంపు. ఏడోదానికి తిన్నంత. థైరాయిడ్ హార్మోను తయారీకి కావలసిన థైరాయిడ్ పెరాక్సిడేజ్ ఎంజైములో ఇనుముంటుంది. జత గుంపులతో పోల్చినా రక్తహీనత ఎలుకల్లో ఆ ఎంజైము పనితనం తగ్గింది. తిండి తగ్గడం ఒక దెబ్బ, ఇనుము లేకపోవడం దాని మీద ఇంకో దెబ్బ. రెండింటినీ విడివిడిగా చూపించడమే ఆ అధ్యయనం గొప్ప.

పెయిర్ ఫీడింగ్‌కూ ఒక లోపం ఉంది, దాన్ని చాలా వ్యాసాలు చివరి పేరాలో కూడా ఒప్పుకోవు. రక్తహీనత ఎలుక రోజంతా కొద్దికొద్దిగా కొరుకుతుంది. కడుపు నిండని జత ఎలుక తన వాటాను వేయగానే ఊదేసి, మిగతా సమయమంతా పస్తుంటుంది. ఇద్దరి పొట్టలోకీ వెళ్లింది ఒకటే అయినా ఇన్సులిన్, కొవ్వు, గ్లూకోజ్ లెక్కలు ఒకటే కావు. పస్తులో ఉన్న జంతువుతో పోల్చి రక్తహీనత జీవక్రియను తేల్చడం అంటే వంకర స్కేలుతో గీత గీయడమే.

జీవక్రియ మీద గట్టి సాక్ష్యం మరో రకం ప్రయోగాల నుంచి వచ్చింది. సియాటిల్‌లో క్లెమెంట్ ఫించ్ బృందం 1976లో ఒక తెలివైన పని చేసింది. ఇనుము లోపమున్న ఎలుకల రక్తాన్ని మార్పిడి చేసి, హిమోగ్లోబిన్‌ను ఆరోగ్యమైన ఎలుకలతో సమానం చేశారు. అంటే రక్తహీనత పోయింది, ఒంట్లో ఇనుము లోపం మాత్రం అలాగే ఉంది. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తే ఆ ఎలుకలు అప్పుడూ తొందరగా కూలబడ్డాయి. ఇనుము ఇస్తే నాలుగు రోజుల్లో మామూలుగా పరుగెత్తాయి. లోపం రక్తంలో కాదు, కండరం లోపలి మైటోకాండ్రియాలో ఉంది. 1982లో కెల్విన్ డేవిస్, జార్జ్ బ్రూక్స్, పీటర్ డాల్‌మన్ తదితరులు దీన్ని మరింత విడదీశారు. ఇనుము ఇచ్చాక ఎలుక గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ రక్తంతో పాటు కోలుకుంది, ఎక్కువసేపు పరుగెత్తే ఓపిక మైటోకాండ్రియాతో పాటు కోలుకుంది. రెండు గడియారాలు, రెండు వేగాలు.

మైటోకాండ్రియా సరిగా పనిచేయకపోతే శరీరం గ్లూకోజ్ మీద పడుతుంది. ఇనుము లోపమున్న ఎలుకల్లో గ్లూకోజ్ తయారీ, వాడకం రెండూ పెరుగుతాయని 1980లలో హెండర్సన్, డాల్‌మన్, బ్రూక్స్ చూపారు. కండరం గ్లూకోజ్‌ను సగంలోనే లాక్టేట్‌గా వదిలేస్తుంది, కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది, ఈ తిరగలికి శక్తి ఖర్చవుతుంది. అదే కాలంలో పెన్సిల్వేనియాలో జాన్ బియర్డ్, ఫారెల్ ఈ ఎలుకల కణజాలం ఇన్సులిన్‌కు ఎక్కువగా స్పందిస్తుందని కనుక్కున్నారు. ‘ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది’ అన్న మాట మధుమేహం కాలంలో శుభవార్తలా వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం అది ఇరుకున పడ్డ శరీరం వేసిన ఎత్తు.

కొవ్వు సంగతి దీనికి ఎదురు తిరుగుతుంది. తక్కువ తిన్న ఎలుక రక్తంలో కొవ్వు తగ్గాలి. అయితే ఇనుము లోపమున్న తల్లి ఎలుకల పిల్లల్లో ట్రైగ్లిసరైడ్లు పెరిగాయని 1970లలో షెర్మన్, గత్రీ అధ్యయనాల్లో తేలింది. కొవ్వును మైటోకాండ్రియాలోకి చేరవేసే కార్నిటిన్ తయారీకి ఇనుము కావాలి. ఆ పిల్లల్లో కార్నిటిన్ కూడా తగ్గింది. ఇంధనం ఉంది, పొయ్యిలోకి చేర్చే చేయి లేదు.

చలిలో ఇది మరింత తేటగా కనిపిస్తుంది. నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గర పెడితే ఇనుము లోపమున్న ఎలుక ఒంటి వేడి నిలబెట్టుకోలేదు. థైరాయిడ్ హార్మోను అందదు. దాన్ని పూడ్చడానికి అడ్రినలిన్ కుటుంబపు రసాయనాలు ఎక్కువ విడుదలవుతాయని ఫించ్ బృందంలోని డిల్‌మన్ 1979లో చూపారు. అంత విడుదలైనా చలి ఆగలేదు. ప్రయోగశాలల గదులు సాధారణంగా 22 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఎలుకకు హాయిగా ఉండే వేడి 28 నుంచి 30. అంటే పాలిపోయిన ఎలుకను ప్రతి రోజూ కొంచెం చలిలో ఉంచే మనం దాని తిండి తూస్తున్నాం. మామూలుగా చలికి ఏ ఎలుకైనా ఎక్కువ తింటుంది. ఇది తినలేకపోతోంది. ఆకలి తగ్గుదలను గదిలోని వేడి ఎంత పెంచి చూపుతోందో, ఎంత తగ్గించి చూపుతోందో చాలా పాత అధ్యయనాలు పట్టించుకోలేదు.

ఇక ఆకలిని నడిపే సంకేతాలు. అమెరికాలో డొనాల్డ్ మెక్‌క్లెయిన్ బృందం 2015లో చిట్టెలుకల కొవ్వు కణాల్లోని ఇనుము లెప్టిన్‌ను అదుపు చేస్తుందని చూపింది. లెప్టిన్ కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోను. ఇనుము ఎక్కువైన మేత తిన్న చిట్టెలుకల్లో లెప్టిన్ తగ్గింది, అవి ఎక్కువ తిన్నాయి. దీన్ని తిరగేసి, ఇనుము తక్కువైతే లెప్టిన్ పెరిగి ఆకలి చస్తుందని రాయడం తేలిక, కొన్ని సమీక్షలు అలాగే రాశాయి కూడా. ఆ ప్రయోగంలో ప్రధానంగా చూసింది ఇనుము ఎక్కువైన పరిస్థితి. రక్తహీనత ఉన్న, బక్కచిక్కిన ఎలుకలో లెప్టిన్ తయారుచేసే కొవ్వే తక్కువ. రెండు బలాలు రెండు వైపుల లాగుతాయి కాబట్టి కొవ్వు ఎంతుందో చెప్పకుండా లెప్టిన్ అంకె ఒక్కటే ఇచ్చే వ్యాసాన్ని నమ్మనవసరం లేదు.

మెదడు దారి మరొకటి. ఇజ్రాయెల్‌లో మూసా యూడిమ్, శ్లోమో యెహూదా బృందం 1980ల మొదట్లో ఇనుము లోపమున్న ఎలుకల మెదడులో డోపమైన్ డీ2 గ్రాహకాలు తగ్గుతాయని చూపింది. వాటి పగలూ రాత్రీ కూడా తారుమారయ్యాయి. రాత్రి తిరగాల్సిన ఎలుకలు పగలు ఎక్కువ తిరిగాయి. ఎలుక తన తిండిలో ఎక్కువ భాగం రాత్రే తింటుంది. ఆకలి తగ్గిందని మనం రాసుకునేదాంట్లో కొంత, తినే వేళ చెదరడమే అయ్యుండొచ్చు. 24 గంటల మొత్తం ఒక్కటే రాసే పట్టికలో ఇది కనిపించదు.

జబ్బు వల్ల వచ్చే రక్తహీనత దగ్గర లెక్క పూర్తిగా మారిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతీయడానికి ఎలుకల మేతలో అడినైన్ కలుపుతారు. రక్తం తగ్గుతుంది, తిండీ తగ్గుతుంది. అయితే అడినైన్ రుచే ఎలుకలకు పడదు. కేసీన్ కలిపి ఆ రుచిని కప్పిపుచ్చకపోతే మేత బాగా తగ్గిస్తాయి. ఇక ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్న జంతువులో టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ రసాయనాలు ఒక చేత్తో ఆకలిని నొక్కుతాయి, మరో చేత్తో కాలేయంలో హెప్సిడిన్ పెంచి ఇనుమును నిల్వల్లో బంధిస్తాయి. అక్కడ రక్తహీనతా, ఆకలి లేకపోవడమూ ఒకే తల్లి పిల్లలు. ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చిందనడానికి ఆధారం లేదు.

అన్నిటికన్నా ఆసక్తికరమైన సాక్ష్యం మాత్రం రక్తం తయారయ్యే చోటు నుంచే వచ్చింది. రక్తం తగ్గగానే మూత్రపిండం ఎరిత్రోపోయెటిన్ వదిలి మజ్జను పని చేయిస్తుంది. ఆ హార్మోనుకు హైపోథాలమస్‌లో కూడా గ్రాహకాలున్నాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కాన్‌స్టాన్స్ నొగుచి బృందం 2011లో, ఆ గ్రాహకం ఎర్ర రక్తకణాల జాతిలో తప్ప ఇంకెక్కడా లేని చిట్టెలుకలు లావెక్కాయనీ, మామూలు చిట్టెలుకలకు ఎరిత్రోపోయెటిన్ ఇస్తే తిండి తగ్గిందనీ చూపింది. రక్తం తగ్గడాన్ని పూడ్చే హార్మోనే ఆకలిని తగ్గించగలదన్నమాట. విపుల్ కుక్కల్లోనూ అది పెరిగే ఉండాలి, అయినా అవి తిన్నాయి. మోతాదు, జాతి, కాలం ఈ తేడాలో ఏ వాటా తీసుకుంటాయో ఎవరో ఒకరు కుక్కల్లోనే చూడాల్సి ఉంది.

జీడీఎఫ్15 అనే మరో ప్రోటీన్ కూడా మజ్జలోని పసి ఎర్రకణాల నుంచి వస్తుంది. బీటా థలసీమియాలో మజ్జ విపరీతంగా, వృథాగా శ్రమిస్తుంది, అక్కడ ఈ ప్రోటీన్ రక్తంలో చాలా ఎక్కువని 2007లో తేలింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలో, కణితులు వదిలే ఇదే ప్రోటీన్ చిట్టెలుకల ఆకలిని చంపి బరువు తగ్గిస్తుందని బయటపడింది. 2017లో దాని గ్రాహకం మెదడు వెనక భాగంలో, వాంతిని నడిపే చోట దొరికింది. లెక్క కుదిరినట్టే కనిపించింది. మజ్జ కష్టపడితే జీడీఎఫ్15 పెరుగుతుంది, ఆకలి పోతుంది.

2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ లెక్కను మళ్లీ చెదరగొట్టింది. గర్భిణుల వాంతుల వెనక జీడీఎఫ్15 పెరుగుదల ఉంది. జీవితమంతా ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉండే బీటా థలసీమియా స్త్రీలకు మాత్రం గర్భంలో వికారం చాలా తక్కువ. ముందుగా ఆ ప్రోటీన్‌కు అలవాటు చేసిన చిట్టెలుకలకు తర్వాత పెద్ద మోతాదు ఇస్తే, అలవాటు లేనివి తిండి తగ్గించినంతగా ఇవి తగ్గించలేదు. కాబట్టి నిన్న రక్తం తీసిన ఎలుకనూ, పుట్టుకతో పాలిపోయి పెరిగిన ఎలుకనూ ఒకే పట్టికలో పెట్టి సగటు తీస్తే ఆ సగటు రెండింటిలో ఏ ఎలుకదీ కాదు. మేత తూచేవారు హిమోగ్లోబిన్‌తో పాటు, అది ఆ స్థాయిలో ఎన్ని వారాలుగా ఉందో కూడా పక్క గడిలో రాయాలి.